మనలను గూర్చి మనము చెప్పుకొనవచ్చునా?



కొంతకాలము క్రిందట మాకు పరిచయమున్న ఒక గ్రామ సంఘములో ఒక వృద్ధురాలు ప్రభువునందు నిద్రించెను. భూస్థాపన అయిన పిమ్మట పాస్టరుగారు సమాధియొద్ద నిలిచి, “ఈ అమ్మను గూర్చి మీలో ఎవరైనను ఒక మాట చెప్పుడి” అని అడిగిరి. ఆమె ముప్పది సంవత్సరములకు పైగా అదే గుడిలో, అదే మూలను, అదే చాపమీద కూర్చుండిన విశ్వాసురాలు. అయినను చాలసేపు ఎవరును నోరు మెదపలేదు. తుదకు ఒక పెద్ద, “మంచి మనిషి, ఆదివారము తప్పక వచ్చెడిది” అనెను. అంతకు మించి ఎవరికిని ఏమియు తెలియదు. మేమును ఆ గుంపులోనే ఉంటిమి. మాకును తెలియదు.

అప్పుడు ఆమె మనుమరాలు, ఎనిమిదేండ్ల పిల్ల, తల్లి కొంగు విడువకయే ఇట్లు చెప్పెను: “నాకు ఉరుమంటే భయం. మా నాయనమ్మకు కూడా చిన్నప్పుడు భయమేనంట. మేకల్ని తోలుకుపోయినప్పుడు ఉరిమితే, మేకపిల్ల చెవులు మూసేదంట. తన చెవులు మూసుకోవటం మరిచిపోయేదంట.”

అందరును నవ్విరి. నవ్వుచునే కన్నులు తుడుచుకొనిరి. అది మిక్కిలి చిన్న సంగతి. దానిలో ఉపదేశము లేదు, అద్భుతము లేదు. అయినను ఆ ఒక్క మాటతో ఆమె మాకు కనబడెను. ముప్పది ఏండ్లు మా ప్రక్కనే ఉండి కనబడని మనిషి మట్టి కప్పిన తరువాత కనబడెను. ఇంటికి తిరిగి వచ్చుచు మాలో మేము అడిగికొన్న ప్రశ్న ఇది. ఒక క్రైస్తవుడు తన్ను గూర్చి, తన చిన్ననాటి సంగతులను గూర్చి, తన భయములను ఇష్టములను గూర్చి నలుగురిలో చెప్పుకొనవచ్చునా? అది గర్వమా, లేక ప్రేమయా?

గర్వమేయని చెప్పువారున్నారు. “సొంత డబ్బా కొట్టుకొనకుము” అని మన పెద్దలు మనకు నేర్పిరి. అది మంచి బుద్ధియే. లూకా సువార్త 18వ అధ్యాయములోని పరిసయ్యుని చూడుడి. అతడు దేవాలయములో నిలిచి తన్ను గూర్చిన సంగతులే చెప్పుకొనెను. వారమునకు రెండుమారులు ఉపవాసముండెను, తన రాబడిలో దశమభాగము ఇచ్చెను. అతడు అబద్ధమాడెనని ప్రభువు చెప్పలేదు. అతని తప్పు అబద్ధములో లేదు. దూరముగా నిలిచిన సుంకరి తనకంటె పొట్టివాడుగా కనబడునట్లు అతడు తన సంగతులను ఒకదానిపై ఒకటి పేర్చుకొని, వాటిమీద ఎక్కి నిలిచెను. నేటి దినములలో సెల్‌ఫోను చేతబట్టి, తాము తిన్నదియు, కట్టినదియు, తిరిగినదియు గడియగడియకు లోకమునకు చూపించువారు అనేకులు. అందులో పాపమేమియు లేకపోవచ్చును. అయినను చూచువాడు తన ఇంటి గంజిని చూచుకొని చిన్నబోవుటకే చూపినయెడల, అది ఆ పరిసయ్యుని ప్రార్థనకు దూరము కాదు.

ఈ భయముచేతనే మనలో అనేకులు బొత్తిగా నోరు మూసికొన్నారు. మన సాక్ష్య కూడికలలో ఎవరు లేచుదురో ఆలోచించుడి. త్రాగుడు మానినవాడు లేచును. చావుబ్రతుకుల రోగమునుండి లేచినవాడు లేచును. అట్టి పెద్ద కథ లేనివారు, “మా బ్రతుకులో చెప్పదగినది ఏమున్నది?” అని తల వంచుకొని కూర్చుందురు. మేకపిల్ల చెవులు మూసిన ఆ అమ్మ అట్లే కూర్చుండెను. ఆమె గర్వపడకుండునట్లు మనము కాపాడితిమి గాని, ఆమెను ఎరుగక పోగొట్టుకొంటిమి.

ఇప్పుడు అపొస్తలుడైన పౌలు తన్ను గూర్చి ఎట్లు చెప్పుకొనెనో చూతము. కొరింథు సంఘములో కొందరు తమ ఘనతను చెప్పుకొని పౌలును తక్కువ చేయుచుండిరి. అందుచేత అతడును తన్ను గూర్చి మాటలాడక తప్పలేదు. కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 11వ అధ్యాయము చివర అతడు ఒక విచిత్రమైన జ్ఞాపకము చెప్పుచున్నాడు. దమస్కులో అరెత రాజుయొక్క అధిపతి తన్ను పట్టుకొనవలెనని పట్టణమునకు కావలి పెట్టగా, గోడలోని కిటికీగుండ గంపలో తన్ను క్రిందికి దింపిరట! ఈ పట్టణమునకు అతడు మొదట ఎట్లు బయలుదేరెనో అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములో ఉన్నది. విశ్వాసులను బంధించి తెచ్చుటకు ప్రధానయాజకుని యొద్ద పత్రికలు పుచ్చుకొని, అధికారముతో బయలుదేరెను. విడిచిపోవునపుడో, రాత్రివేళ, ఆ విశ్వాసుల చేతులలోనే, కూరగాయల మూటవలె గంపలో దిగెను. ఇది నవ్వు పుట్టించు సంగతి. మనమైతే దాచుకొందుము.

దాని వెంటనే 12వ అధ్యాయములో మూడవ ఆకాశమునకు కొనిపోబడిన అనుభవము వచ్చుచున్నది. ఇక్కడ ఒక వింత గమనింపుడి. గంప సంగతి చెప్పునపుడు పౌలు ‘నేను’ అనెను. పరలోక దర్శనము చెప్పునపుడు మాత్రము, తానెరిగిన ఒకానొక మనుష్యునికి పదునాలుగేండ్ల క్రిందట జరిగినట్లు, పరాయివాని సంగతివలె చెప్పెను. ఆ మనుష్యుడు పౌలేయని వ్యాఖ్యానకర్తలలో అధికులు ఒప్పుకొందురు. మనము దీనికి తలక్రిందులుగా చేయుదుము. దర్శనము వచ్చినయెడల ‘నాకు వచ్చెను’ అందుము. గంపలో దిగినయెడల ‘ఎవడో దిగెనట’ అందుము.

మన ప్రశ్నకు జవాబు ఇచ్చటనే ఉన్నదని మాకు తోచుచున్నది. తన్ను గూర్చి చెప్పుకొనుట తప్పు కాదు. ఏ జ్ఞాపకమునకు ‘నేను’ అను మాట తగిలించుచున్నామో అదియే మన హృదయమును బయలుపరచును. దర్శనమును విన్నవాడు తనకు అది లేదని దూరముగా నిలుచును. గంపను విన్నవాడు, “నేనును ఒకసారి అట్లే దిగితిని” అని దగ్గరకు వచ్చును.

అదే పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో, త్రోయలో కర్పునొద్ద విడిచివచ్చిన అంగీని తెమ్మని అడుగుచున్నాడు. శీతకాలము రాకమునుపే రమ్మనియు వ్రాయుచున్నాడు. ఆ అంగీ మాటలో సిద్ధాంతము ఏమియు లేదు. అయినను చెరసాలలో చలికి వణకు ఒక ముసలివాడు ఆ మాటలో మనకు కనబడును. చిన్న సంగతులకు ఈ శక్తి గలదు గనుకనే పరిశుద్ధ గ్రంథము వాటిని తీసివేయలేదు.

అయితే ఇక్కడ రెండు హెచ్చరికలు అవసరము. మొదటిది, బలహీనతను కూడ డబ్బా చేసి వాయించుకొనవచ్చును. కొందరి సాక్ష్యములో నిరుడు ముంతెడు కల్లు త్రాగినవాడు ఈ ఏడు కుండెడు త్రాగును! వినువారు ఆశ్చర్యపడుచున్నకొలది పాపము పెరుగును, రక్షకుడు కథ చివర ఒక్క మాటలో వచ్చి పోవును. గంపను ఏనుగు అంబారీగా మార్చుకొనకుందుము గాక.

రెండవది మరి కఠినమైనది. మన జ్ఞాపకములలో మనము ఒంటరిగా ఉండము. మన చిన్నతనము చెప్పినయెడల మన తండ్రి కోపము అందులో వచ్చును. మన కష్టము చెప్పినయెడల అత్తగారి మాట, అన్నదమ్ముల అప్పు, కుమార్తె కన్నీరు అందులో వచ్చును. ఆదికాండము 9వ అధ్యాయములో నోవహు ద్రాక్షారసమువలన మత్తుడై వస్త్రహీనుడుగా పడియుండగా, హాము చూచి బయటికి పోయి అన్నదమ్ములకు చెప్పెను. అతడు చెప్పినది సత్యమే, అతడు కన్నులార చూచినదే. అయినను అది అతడు చెప్పదగిన సంగతి కాదు. షేమును యాపెతును వెనుకకు నడిచి వెళ్లి తండ్రిని కప్పిరి. మన గంపను గూర్చి మనము చెప్పుకొనవచ్చును. పరుల దిసమొలను కప్పవలెను.

ఈ విషయమున హిప్పో పట్టణపు బిషప్పైన అగస్టీను మనకు మంచి మాదిరి. అతడు 354వ సంవత్సరమున ఉత్తర ఆఫ్రికాలో జన్మించెను. నాలుగవ శతాబ్దము ముగియు దినములలో అతడు తన జీవితమును ‘ఒప్పుకోలు’ అను పేరుగల పదమూడు భాగముల గ్రంథముగా వ్రాసెను. అందులో తన పదునారవ ఏట స్నేహితులతో కలిసి రాత్రివేళ పొరుగువాని చెట్టు దులిపి కాయలు దొంగిలించిన సంగతి యున్నది. అవి రుచిగల కాయలును కావు. చాలవరకు పందులకు పారవేసిరి. ఆకలి లేకయే, తప్పు చేయుటలోని సంతోషముకొరకే చేసితినని అతడు ఒప్పుకొనెను. తోడి దొంగల పేర్లు మాత్రము అతడు ఎక్కడను వ్రాయలేదు. తన దొంగతనమును పదునారు వందల సంవత్సరములుగా లోకమంతయు చదువుచున్నది. వారి పేర్లు ఎవరికిని తెలియవు. మరియు ఆ గ్రంథమంతయు దేవునితో మాటలాడునట్లు వ్రాయబడినది. దేవుడు వినుచున్నాడని తలంచి చెప్పువాడు సంగతిని పెంచడు, పరులను బజారున పెట్టడు.

ప్రతి జ్ఞాపకమును ప్రతివానికి చెప్పవలెనని మా భావము కాదు. సేనయను దయ్యము వదలిన మనుష్యుని ప్రభువు తన ఇంటివారియొద్దకు వెళ్లి చెప్పుమనెను. శుద్ధుడైన కుష్ఠరోగిని ఎవనితోను చెప్పవద్దనెను. మరియ అనేక సంగతులను తన హృదయములో దాచుకొనెను. ఇంకను పచ్చిగానున్న గాయమును చూపుమని ఎవరిని బలవంతపెట్టకూడదు. అయితే చెప్పగోరువానికి చెవి కావలెను గదా? యోబు స్నేహితులు ఏడు దినములు మాటలాడక నేలమీద అతనితో కూర్చుండిరి. వారు నోరు తెరచి తీర్పు తీర్చనారంభించిన పిమ్మటనే చెడిపోయిరి. వినువాడు తీర్పరి కాకూడదు. విన్నదానిని బావియొద్దను, టీ కొట్టునొద్దను పంచకూడదు. మన సంఘములలో అనేకులు మౌనముగా నుండుటకు వారి వినయము కారణము కాదు, మన నాలుకలే కారణము.

ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయములో మరియొక గంప యున్నది. ఇశ్రాయేలు రైతు తన ప్రథమఫలములను గంపలో పెట్టి యాజకునియొద్దకు తెచ్చినపుడు, ఊరకే ఇచ్చి పోకూడదు. దిక్కులేక తిరిగిన తన పితరునితో మొదలుపెట్టి, ఐగుప్తు దాస్యమును చెప్పి, దేవుడు తమ్మును నడిపించిన కథను నోటితో చెప్పవలెను. కోతపండుగకు మనమును గంపలు తెచ్చుచున్నాము. ధాన్యమును, గుమ్మడికాయలను, కోళ్లను తెచ్చుచున్నాము. కథను మాత్రము తెచ్చుట లేదు.

దీనివలన ఎంత నష్టమో మన తెలుగు సంఘముల చరిత్రయే చెప్పుచున్నది. 1876-78 సంవత్సరముల గొప్ప కరవులో ఒంగోలు ప్రాంతపు బీదలు బకింగ్‌హాం కాలువ త్రవ్వి ప్రాణములు నిలుపుకొనిరి. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ మిషనరీ జాన్ క్లౌ దొరగారు తన జీవితకథను భార్యకు చెప్పగా ఆమె వ్రాసెను. వారు 1910లో మరణించిన తరువాత, 1914లో అది అచ్చుపడెను. మంచిదే. గాని ఆ 2,222 మందిలో ప్రతివారికిని ఆ దినమును గూర్చి ఒక జ్ఞాపకముండి యుండును గదా? ఏటిలో దిగునపుడు ఒకనికి భయము వేసియుండును, ఒకామె చంకలోని బిడ్డ ఏడ్చియుండును. లెక్క నిలిచెను. జ్ఞాపకములలో మనవరకు చేరినవి కొద్దియే. “మా బ్రతుకులో చెప్పదగినది ఏమున్నది?” అని ఆ పెద్దలును అనుకొనిరేమో. అడుగవలసిన పిల్లలును అడుగలేదేమో.

కాబట్టి ప్రియులారా, ఒక చిన్న పని చేయుదము. రాబోవు గృహ ప్రార్థన కూడికలో, ముగింపు ప్రార్థనకు ముందు, ఎన్నడును లేవని ఒకరిని మెల్లగా అడుగుదము. “అమ్మా, నీ చిన్నతనములో నీవు దేనికి భయపడెడిదానవు? నీకు మొదట పాట నేర్పినది ఎవరు?” ఆమె సిగ్గుపడి నవ్వును. “నా సంగతి ఏముందయ్యా” అనును. అక్కడ మనము ఆగిపోకూడదు, తొందరపెట్టకూడదు. కొంచెము కనిపెట్టవలెను. ఆమె చెప్పినపుడు మన కథను దానిపై ఎక్కించక వినవలెను. ఆ తరువాత మన వంతు వచ్చినయెడల మన దర్శనములను ప్రక్కన పెట్టి, మన గంపలలో ఒకదానిని చెప్పుదము.

ఆ గ్రామపు సమాధుల దొడ్డిలో ఇప్పుడు ఆ అమ్మ పేరుగల రాయి యున్నది. మేము ఆ దారిని పోయినపుడెల్ల ఉరుము సంగతి జ్ఞాపకము వచ్చును. ఆమె బ్రతికియుండగా మేము ఒక్కసారియైనను అడిగియుండినయెడల, ఆమె తన నోటితోనే చెప్పియుండును. అట్టి మరియొక సమాధియొద్ద మనము మరల నోరు మెదపలేక నిలువకుండునట్లు ప్రభువు మనకు వినుచెవిని, దీనమైన నాలుకను అనుగ్రహించును గాక. ఆమేన్.