పాశురం మధ్యలో మనసు లెక్కలా?

ధనుర్మాసం వచ్చేసింది. చలిని లెక్కచేయకుండా కుర్రకారు కూడా తెల్లవారుజామునే గుళ్లకు వస్తున్నారు. చాలా సంతోషం. ఒక్క అలవాటే నాకు మింగుడుపడటం లేదు. మొన్న తిరుప్పావై గోష్ఠిలో నా పక్కన చక్కగా గొంతు కలుపుతున్న అమ్మాయి చేతి గడియారం సన్నగా వణికింది. పాశురం ఆపేసి తెర మీద ఏదో నొక్కింది. 'ఇప్పుడు మనసెలా ఉంది?' అని అడుగుతుందట, రోజుకు నాలుగైదుసార్లు. ఆమె తలెత్తేసరికి హారతి పళ్లెం మమ్మల్ని దాటిపోయింది.

హాయిగా ఉన్నానా లేదా అని మాటిమాటికీ తడిమి చూసుకుంటే ఉన్న హాయి కాస్తా జారిపోతుంది. రాసలీల ఘట్టం మీకు తెలిసిందే. గోపికల చూపు కృష్ణుడి మీద ఉన్నంతసేపూ ఆయన వారి మధ్యే ఉన్నాడు. మా అంతటి భాగ్యవంతులెవరని తమను తాము చూసుకున్నారో లేదో, మాయమయ్యాడు. ఇల్లూ ఒళ్లూ మరచి ఆయననే పాడుకున్నాక గానీ మళ్లీ కనిపించలేదు. అమెరికా పరిశోధకులు 2003లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇలాంటిదే తేలింది. సంగీతం వింటూ వీలైనంత ఆనందంగా ఉండటానికి ప్రయత్నించమంటే, అలా ప్రయత్నించినవారికి ఊరికే విన్నవారికన్నా తక్కువ ఆనందం దక్కింది.

గోదాదేవి తనను గోపికగా భావించుకునే తిరుప్పావై పాడింది. 30 పాశురాల్లో 6 నుంచి 15 వరకు చెలులను నిద్రలేపడమే ఆమె పని. పక్షులు కూశాయి, శంఖం ఊదారు, ఇంకా లేవవేమే అని వాకిలి వాకిలికీ వెళ్లి పిలుస్తుంది. నెత్తిన మంచు కురుస్తున్నా ఒక చెలి గుమ్మం పట్టుకుని నిలబడుతుంది. అంత చలిలో తనకెలా ఉందన్న ధ్యాసే లేదు, ఇంకా లేవనివాళ్ల మీదే ధ్యాస. తీరా స్వామి ఎదుట, 29వ పాశురంలో, నీ సేవ చాలు, వేరే కోరికలుంటే మార్చెయ్యమంటుంది.

రాత్రి పడుకోబోయే ముందు, ఇవాళ ఎవరినైనా నొప్పించానా, ఎవరికైనా పనికొచ్చానా అని తరచి చూసుకోవడం వేరు. అది పెద్దలు నేర్పిన సాధన. వైద్యులు చెప్పినందుకు మనసు తీరు రాసుకునేవాళ్ల సంగతీ వేరే, వాళ్లు మానకూడదు. మిగిలినవాళ్లం ఈ నెల రోజులైనా ఆ లెక్కలు కట్టిపెడదాం. పక్కింట్లో ఒంటరిగా రాలేని పెద్దావిడ ఉంటే, రేపు తలుపు తట్టి చెయ్యి పట్టుకుని గుడికి తీసుకురండి.