యాస దిగనివ్వని పాట

రెగె పాటని ప్రపంచమంతా మోగించిన బాబ్ మార్లే అమెరికాలో మనం ఉంటున్న ఈ డెలావేర్‌లోనే కూలి పని చేశాడని మనవాళ్ళలో చాలామందికి తెలియదు. 1966లో పెళ్ళైన కొద్దిరోజులకే విల్మింగ్టన్‌లో ఉన్న తల్లి దగ్గరకి వచ్చాడు. ఇక్కడి న్యూఆర్క్‌లో క్రైస్లర్ కార్ల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టులు చేశాడు. అంతకుముందు జమైకాలో వెల్డింగ్ నేర్చుకున్నవాడు. పొట్టకూటికి వచ్చినా, పాట దగ్గరకి వచ్చేసరికి కింగ్‌స్టన్ పేదవాడల పలుకునే పలికాడు. 1973లో ‘క్యాచ్ ఎ ఫైర్’ రికార్డుకి రాక్ అభిమానుల కోసమని లండన్‌లో గిటార్లు అదనంగా కలిపారు గానీ, ఆ పలుకుని మాత్రం ఎవరూ మార్చలేకపోయారు.

ఆయన పాట వింటే నాకు మా ఉత్తరాంధ్ర మనిషి, ప్రజాకవి వంగపండు ప్రసాదరావు గారే గుర్తొస్తారు. 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టారు. విశాఖ షిప్‌యార్డులో ఫిట్టరు. 1972లో పుట్టిన విప్లవ కళాబృందం జననాట్యమండలికి మూలస్తంభాల్లో ఒకరు. అంతకుముందే విప్లవకవి సుబ్బారావు పాణిగ్రాహి మా వైపు జానపద కళ జముకుల కథని శ్రీకాకుళ పోరాటానికి గొంతుగా మలిచి, 1969లో ప్రాణం పోగొట్టుకున్నారు. జముకు చూసినవాళ్ళకి తెలుసు: ఒకవైపు తోలు మూసిన బుంగ, ఆ తోలు నడిమి నుంచి లాగిన తీగ. బుంగని చంకలో ఇరికించుకుని తీగ మీటితే ఆ మోత గుండెలో తగులుతుంది. ఆ నేల దరువులోంచే వంగపండు పాట వచ్చింది. ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ అన్న పేరులోనే మన ఊరి పిలుపు ఉంది. ‘వెళదాం వస్తావా’ అని దిద్ది ఉంటే ఆ పాట మన పొలిమేర దాటేది కాదని నా నమ్మకం. ఆయన రాజకీయాలు నచ్చనివాళ్ళు మనలో ఉన్నారు, ఉండొచ్చు. కానీ చెమటోడ్చే మనిషి మాటకి అంత గౌరవం తెచ్చిన కవిని కాదనలేం.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి. రాజాం నుంచి వీడియోలో నాయనమ్మ “ఏటిరా గుంటడా, బువ్వ తిన్నావా? బేగి తినీ” అంటుంది. పిల్లాడు నవ్వుతాడు. వెంటనే మనం అడ్డొచ్చి, “అలా అనకూడదు నాన్నా, ‘త్వరగా’ అనాలి” అని దిద్దుతాం. ఆ మాటతో పిల్లాడికి నాయనమ్మ తప్పుగా మాట్లాడే మనిషైపోతుంది. నన్నడిగితే, పరాయిదేశంలో మనం చేస్తున్న పెద్ద అన్యాయం ఇదే. సంస్కారమంటే పద్యం అప్పజెప్పించడం ఒక్కటే కాదు, కన్నవాళ్ళ నోటి మాటకి విలువివ్వడం కూడా.

రెగెని 2018లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. వంగపండు గారు 2020 ఆగస్టు 4న పార్వతీపురంలో కన్నుమూశారు. ఇక ఆ నేల పాటని నిలబెట్టాల్సింది మనమే. మన ఉగాది వేదిక మీద కూచిపూడికి, సినిమా పాటకి చోటుంది. వచ్చే ఏడాది అరగంట జముకుల కథకి కూడా ఇవ్వమని మన తెలుగు సంఘం కార్యవర్గాన్ని కోరుతున్నాను. పిల్లలకి నేర్పడానికి ఊళ్ళో ఉన్న అమ్మమ్మలూ నాయనమ్మలూ ఫోన్లో సిద్ధంగానే ఉన్నారు.