పక్కగదికీ వినపడాలి

ప్రహ్లాదుడు నారాయణ తత్త్వాన్ని అడిగి తెలుసుకోలేదు. నారదుడు తన ఆశ్రమంలో చోటిచ్చి బోధించింది తల్లి లీలావతికి. కడుపులో ఉన్న బిడ్డ కూడా వింటాడన్న ఎరుక నారదుడికి ఉంది. బిడ్డ మాత్రం ఏదీ కోరలేదు, ఏదీ ఎంచుకోలేదు. కాలం గడిచి తల్లి ఆ మాటలు మరిచిపోయింది, కొడుకు మరవలేదు. భాగవతంలో ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు రేడియో గుర్తొస్తుంది.

విజయవాడ ఆకాశవాణిలో చాలాకాలం క్యాజువల్ అనౌన్సర్‌గా పనిచేశాను. ఇప్పుడు ఇంటిపట్టునే ఉంటున్నాను. మా అమ్మాయి డాలస్‌లో ఉంటుంది. "అన్నీ ఫోన్లోనే ఉన్నాయి కదమ్మా, ఎప్పుడు కావాలంటే అప్పుడు వినొచ్చు, ఇంకా ఆ గరగరలాడే రేడియో ఎందుకు?" అంటుంది. మాటవరసకు అడిగినా అది చిన్న ప్రశ్న కాదు. తొమ్మిది భక్తి మార్గాల్లో శ్రవణాన్ని మొట్టమొదట పెట్టారు. కావాలనుకున్నప్పుడు కావలసినది వినడం ఆ శ్రవణం కిందికి వస్తుందా? కోరకుండా చెవిన పడినదానికి అందులో చోటుందా? రేడియో ఫోన్లోకి ఇల్లు మారుతున్న ఈ రోజుల్లో దీనికి జవాబు ఇంజనీర్లకు మాత్రమే వదిలేయడం తగదు.

ఉదయం షిఫ్టంటే తెల్లవారకముందే స్టేషన్ బండి మా వీధిలోకి వచ్చేది. డ్యూటీ రూములో సంతకం పెట్టి, క్యూషీటు తీసుకుని, ఆ రోజు స్పూళ్లు వరసగా పెట్టుకోవాలి. టేపు మొదట్లో రంగు లీడరు అతికించి ఉండేది. స్పూలును చేత్తో ముందుకీ వెనక్కీ తిప్పి, తంబుర శ్రుతి ఎక్కడ మొదలవుతుందో చెవితో పట్టుకుని, సరిగ్గా అక్కడ ఆపేవాళ్లం. కాస్త ముందుకు జరిగినా పల్లవి మొదటి అక్షరం తెగిపోతుంది. సంకేత సంగీతం, వందేమాతరం అయ్యాక ఎర్రదీపం వెలుగుతుంది, గాజు అవతల ఇంజనీరు తల ఊపుతారు, ఫేడరు పైకి జరుపుతాను. ఆ తర్వాత నా మాట ఎవరింట్లో ఏ మూల ఎవరి చెవిన పడుతోందో తెలిసే దారి లేదు. ట్రాన్స్‌మిటర్‌కీ తెలియదు. ఒక్కరు విన్నా లక్షమంది విన్నా అది ఖర్చు చేసే కరెంటు ఒక్కటే.

ఫోన్లో వినేటప్పుడు జరిగేది వేరు. ప్రతి ఫోనూ విడివిడిగా సర్వర్‌ను అడిగి తన వాటా తను తెచ్చుకుంటుంది. ఎవరు, ఎక్కడ, ఎంతసేపు విన్నారో అవతల లెక్క ఉంటుంది. ఆ లెక్కతోనే పాటల యాప్‌లు తర్వాతి పాట ఎంచి పెడతాయి. నిన్న నచ్చినదాన్ని పోలినదే ఇవాళా వస్తుంది. పుచ్చుకునేవాడు ఎవరో చూడకుండా ఇచ్చేదాన్ని నేను గొప్ప దానం అనుకుంటాను. నేను చేసిన ఉద్యోగాల్లో ఆ మాటకు దగ్గరగా వచ్చినది మైకు ముందు కూర్చున్న ఆ ఉదయాలే.

1948 డిసెంబర్ 1న మొదలైన విజయవాడ కేంద్రంలో బాలాంత్రపు రజనీకాంతరావుగారు, మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు వంటివాళ్లు పనిచేసిన రోజుల్లో ఉదయపు భక్తి పాటల కార్యక్రమం భక్తిరంజని రూపుదిద్దుకుంది. రామదాసు, అన్నమయ్య కీర్తనలు, వీరబ్రహ్మం తత్వాలు, స్తోత్రాలు అన్నీ అందులోనే వచ్చేవి. మా అమ్మకు చదువు రాదు. వాకిట్లో కళ్లాపి చల్లి ముగ్గు వేస్తూ వినేది. నేను అరుగు మీద ఎక్కాలు వల్లిస్తూ వినేదాన్ని, అంటే వినకుండానే వినేదాన్ని. మేం ఎంచుకున్న పాటలు కావవి. క్రిస్మస్ పొద్దున అదే పెట్టెలోంచి క్రీస్తు పాటలు వచ్చేవి, మా అమ్మ ముగ్గు ఆపకుండా అవీ వినేది. 1974లో మొదలైన సంస్కృత వార్తలు ఉదయం 6:55కి వచ్చేవి. మా వీధిలో సంస్కృతం వచ్చినవాళ్లు ఎవరూ లేరు, అయినా "శ్రూయంతాం" అన్న మాట పలకని పిల్లలూ లేరు. తన మతం కానిది, తన భాష కానిది మనిషి తనంతట తాను వెతుక్కుని వినడం చాలా అరుదు. ఎంచుకునే హక్కు పూర్తిగా మన చేతికి వచ్చాక మనం మళ్లీ మళ్లీ ఎంచుకునేది మనల్నే.

ఒప్పుకోవలసిన సంగతి ఒకటుంది. ఆ పెట్టె అందరినీ పిలవలేదు. అమ్మవార్ల కొలుపు పాటలు, పంబల కథలు నా షిఫ్టుల్లో భక్తిరంజని పేరుతో వచ్చిన గుర్తు లేదు. వస్తే జానపదం అనే శీర్షిక కింద వచ్చేవి. ఏది భక్తి, ఏది జానపదం అన్నది ఒక గదిలో కూర్చున్న కొద్దిమంది తేల్చేవారు. ఈ రోజు ఊరి జాతరలో పాడినదాన్ని ఆ ఊరి కుర్రాడే ఫోన్లో తీసి లోకానికి పెడుతున్నాడు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇది న్యాయం, ఆలస్యంగా జరిగిన న్యాయం.

కాబట్టి పాతది మంచిది, కొత్తది చెడ్డది అనే వాదన నాది కాదు. నా వాదన వినడం గురించి. యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి ఒక వరస చెప్పాడు: ముందు వినాలి, తర్వాత మననం చేయాలి, ఆ తర్వాత ధ్యానం. ఆపి, వెనక్కి వెళ్లి, మళ్లీ వినే సౌకర్యం మననానికి పనికొచ్చేది. ఆ విషయంలో రేడియో ఎన్నడూ ఇవ్వలేనిది ఫోన్ ఇచ్చింది. ఉషశ్రీగారి రామాయణ ప్రవచనాలు చిన్నప్పుడు రేడియోలో విన్నాను. ఒక్క మాట జారిపోతే పోయినట్టే. ఇప్పుడు అవే నెట్‌లో దొరుకుతున్నాయి. హనుమంతుడు సీతమ్మను ఎలా పలకరించాలా అని చెట్టు మీద కూర్చుని ఆలోచించే చోట ఆపుకుని, ఆ గొంతు ఎక్కడ తగ్గింది, ఎక్కడ పెరిగింది అని మళ్లీ మళ్లీ వింటున్నాను. రాత్రి డ్యూటీ చేసే నర్సుకూ, మంచం పట్టిన పెద్దాయనకూ ఈ నిల్వ ఎంత మేలో వేరే చెప్పక్కర్లేదు.

శ్రవణం మాత్రం మరో పని. పరీక్షిత్తుకు ఏడు రోజులే గడువు. శుకుడు భాగవతం చెబుతూ పోతున్నాడు, చుట్టూ మునులు కూర్చున్నారు, ఆపుకుని రేపు వింటాననే వీలు లేదు. శ్రవణ భక్తికి పరీక్షిత్తునే ఉదాహరణగా చెబుతారంటే అందులో అర్థం ఉంది. వినేవాడు తన సమయాన్ని చెప్పేవాడి చేతికి అప్పగించాలి, పదిమందితో కలిసి వినాలి. శబ్దం నిత్యమని మీమాంసకులు, పుట్టి నశిస్తుందని నైయాయికులు శతాబ్దాల తరబడి వాదించుకున్నారు. ఉచ్చారణ ఉన్న శబ్దాన్ని వెలికి తీస్తుందే తప్ప పుట్టించదని మీమాంసకుల మాట. సర్వర్‌లో పడి ఉన్న ఫైలు వాళ్ల పక్షాన నిలిచినట్టు కనిపిస్తుంది, గాలిలో కలిసిపోయే ప్రసారం నైయాయికుల పక్షాన. ఆ వాదం ఎటు తేలినా నాకు ఒకటి స్పష్టం. శబ్దం నిత్యమైనా కాకపోయినా వినడం మాత్రం పుట్టి నశించేదే. దాన్ని నిల్వ చేయలేం. ప్రతిసారీ మళ్లీ జరగవలసిందే.

ఈ సంగతి బెంగాలీలకు బాగా తెలుసు. మహాలయ అమావాస్య నాడు తెల్లవారుజామున నాలుగింటికి ఆకాశవాణి కోల్‌కతా నుంచి 'మహిషాసురమర్దిని' వస్తుంది. బాణీకుమార్ రచన, పంకజ్ మల్లిక్ సంగీతం, వీరేంద్రకృష్ణ భద్ర చండీపఠనం. 1930లలో మొదలైంది. 1976లో దాన్ని పక్కనపెట్టి సినీనటుడు ఉత్తమ్‌కుమార్ గొంతుతో మరో కార్యక్రమం వేస్తే జనం మండిపడ్డారు, పాతదాన్నే తిరిగి తెచ్చారు. ఆ రికార్డింగు క్యాసెట్లుగా వచ్చింది, సీడీలుగా వచ్చింది, ఇప్పుడు ఏడాది పొడుగునా నెట్‌లో ఉంది. అయినా ఆ రోజు ఆ వేళకు లేచి రేడియో పెట్టుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఫైలు వాళ్ల జేబులోనే ఉంది. వాళ్లకు కావలసింది పక్కింటి కిటికీలోంచి కూడా అదే చరణం వినపడటం.

ఆ ఒకే క్షణం డిజిటల్‌లో కాస్త చెదురుతుంది. మా వంటింట్లో ట్రాన్సిస్టర్, హాల్లో ఫోన్ ఒకేసారి పెడితే ట్రాన్సిస్టర్‌లో చరణం అయిపోయాక ఫోన్లో అదే చరణం మొదలవుతుంది. ధ్వనిని ముక్కలు చేసి పంపి, అవతల కొన్ని ముక్కలు పోగుపడ్డాక వినిపిస్తారు కాబట్టి ఆ ఆలస్యం. వార్తలకు ముందు వచ్చే సమయ సంకేతం విని మా నాన్న గడియారం సరిచేసుకునేవారు. ఫోన్లో వినపడే సంకేతంతో ఆ పని చేయలేం. ఒక్కో ఫోన్‌లో ఒక్కో ఆలస్యం. అయినా కొన్ని సెకన్ల తేడా నాకు పెద్ద అడ్డు కాదు.

ఎందుకంటే, మనకు ఉదయం ఆరయితే వేసవిలో డాలస్‌లో ముందురోజు సాయంత్రం ఏడున్నర. మా అమ్మాయి వంట చేసుకుంటూ ఫోన్‌ను స్పీకరుకు కలిపి విజయవాడ లైవ్ పెడుతుంది. సూర్యుణ్ని మేలుకొలిపే పాట అక్కడ సాయంత్రం దీపం పెట్టే వేళకు వినపడుతుంది. వేళ కాని వేళ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నేను ఇక్కడ వింటున్నదే ఆమె అక్కడ వింటోంది. ఈమధ్య వీడియో కాల్‌లో మా మనవడు బొమ్మ ఇటుకలు పేర్చుకుంటూ ఒక తత్వం పల్లవి కూనిరాగం తీశాడు. మాటలు సగం తప్పు, రాగం మాత్రం సరిగ్గా ఉంది. వాడికి ఎవరూ నేర్పలేదు. అదే తత్వాన్ని వాళ్లమ్మ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విని ఉంటే ఆ పల్లవి వాడిదాకా వచ్చేది కాదు. అడ్డం వచ్చేది ఇంటర్నెట్ కాదు. చెవి మూసేసే ఆ చిన్న తీగ.

ప్రపంచమంతా ఈ మార్పులోనే ఉంది. నార్వే 2017లో జాతీయ స్టేషన్ల ఎఫ్‌ఎంను ఆపేసింది. స్విట్జర్లాండ్‌లో ప్రజా ప్రసార సంస్థ 2024 చివర్లో అదే పని చేసింది. మన దగ్గర కాలం చెల్లిన మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను దశలవారీగా నిలిపేస్తున్నారు. 2024 నవంబర్‌లో ప్రసార భారతి 'వేవ్స్' యాప్ తెచ్చింది, అందులో సినిమాలు, సీరియళ్ల పక్కనే రేడియో. పాత యంత్రాలు మోయలేని భారమే, కాదనను. మార్చవద్దని ఎవరూ అనడం లేదు.

ప్రసార సంస్థల్లో ఈ నిర్ణయాలు తీసుకునేవాళ్లకు నా మనవి ఇది. నిల్వ ఎంత పెంచినా పెంచండి, కానీ ఉదయపు ప్రత్యక్ష ప్రసారాన్ని పాటల జాబితాగా మార్చకండి. యాప్ తెరవగానే ముందు ఆ ఊరి కేంద్రంలో ఆ క్షణాన వస్తున్నదే వినపడాలి, వెతుక్కోవలసినవి తర్వాత రావాలి. డేటా వేయించుకోలేనివాళ్లకు ఎఫ్‌ఎం అందేదాకా ఆ ఊరి మీడియం వేవ్ ఆపకండి. భక్తిరంజనిలో అమ్మవార్ల పాటలకూ, పంబలవాళ్లకూ ఇప్పుడైనా పిలుపు పంపండి. ఇంట్లో పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక్కటే చెబుతాను: పొద్దున ఆ అరగంట మీరు ఏది వింటున్నా, అది వేంకటేశ్వరుడి పాటైనా, ఖురాన్ పారాయణమైనా, క్రీస్తు కీర్తనైనా, ఇయర్‌ఫోన్ తీసి పక్కగదికి వినపడేలా పెట్టండి.