అంగడిలో నిలువవలసిన వ్రతము

శ్రావకుని ధర్మము దేరాసరపు ద్వారము కడ ముగియునది కాదు. అంగడిలోని గల్లాపెట్టె వరకును వచ్చునది. అందుకే భగవాన్ మహావీరుడు గృహస్థులకు 12 వ్రతములు చెప్పినపుడు, ఏడవదగు భోగోపభోగ పరిమాణ వ్రతము క్రింద విడువదగిన 15 వ్యాపారములను పేరుపేరున చెప్పెను. వీనినే కర్మాదానము లందురు. మొదటిది అంగార కర్మ, అనగా బొగ్గులు కాల్చుట. రెండవది వన కర్మ, అనగా అడవి నరికించి అమ్ముట. అడవికి నిప్పుపెట్టుట, చెరువుల నెండగట్టుట గూడ వీనిలోనే చేరినవి.

ఈ ఉపదేశమును విన్న ఆనంద శ్రావకుడు బీదవాడు కాడు. అతని 12 కోట్ల సువర్ణములలో 4 కోట్లు వ్యాపారమునందే యుండెనని ఉపాసకదశాంగ సూత్రము చెప్పుచున్నది. అట్టివాడు వ్యాపారమును మానలేదు. దానికి హద్దు గీసికొనెను.

గొడ్డలి పట్టినవాడు వేరు, సరకు కొన్నవాడు వేరు అని కొంద రందురు. జైన ధర్మ మీ సాకును ఒప్పుకొనదు. చేయుట, చేయించుట, చేసినవానిని మెచ్చుట, ఈ మూడును కర్మబంధమునకు హేతువులే. వృక్షము ఏకేంద్రియ జీవి. దానికి స్పర్శ యొక్కటియే గలదు, మొఱ పెట్టజాలదు. దాని పక్షమున ఆలోచింపవలసినవాడు శ్రావకుడే.

తుంగభద్ర కాలువ వచ్చిన పిమ్మట మాన్వి ప్రాంతము వరిపొలములతో పచ్చబడినది. కాని రాయచూరు జిల్లాలో అడవి బహు స్వల్పము. ఈ ఎండునేలలో అడవి యెట్లు పెరుగునని సందేహించువారికి దక్షిణమున నున్న అనంతపురపు సీమ జవాబు చెప్పుచున్నది. కుందకుందాచార్యులు జన్మించిరని పెద్దలు చెప్పు కొనకొండ్ల ఆ సీమలోనిదే. దేశమున మిక్కిలి తక్కువ వాన కురియు సీమలలో అదియొకటి.

అక్కడ చెన్నేకొత్తపల్లి దాపున 1990లో టింబక్టు కలెక్టివ్ అను సంస్థ 32 ఎకరముల బీడునేలతో పని మొదలుపెట్టెను. తరువాత ముష్టికోవెల మొదలగు పల్లెలవారు దానితో కలిసి చుట్టునున్న బోడికొండలను కాపాడ పూనుకొనిరి. దానికి కల్పవల్లి యని పేరు. అది ఏడువేల ఎకరములకు పైబడిన అడవి యైనది. పచ్చిచెట్టు కొట్టరాదని కట్టుబాటు చేసికొనిరి; ఎండకాలమున నిప్పు రాకుండ కాపలా కాసిరి. నేలలో మిగిలిన వేళ్లు, విత్తనములు తామే చిగిర్చినవి. ఈతచెట్లు పెరిగినవి, పశువులకు గడ్డి దొరకినది. దావాగ్ని యను కర్మాదానమును ఆ పల్లెవారు పేరు తెలియకయే విడిచిరి.

2010 తరువాత గాలిమరల కొరకు అదే కొండలపై బాటలు వేయగా చెట్లు, గడ్డి నష్టపడినవి. ప్రభుత్వపు లెక్కలలో ఆ నేల బంజరు గానే యుండెను. కాపలా కాసిన యేండ్లు ఏ పద్దులోను చేరలేదు. చిట్టా, ఆవర్జా తెలిసిన వర్తకునికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు: వ్రాయని ఆస్తికి రక్షణ లేదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ననుసరించి పంచాయతీలు జీవవైవిధ్య రిజిస్టరు నుంచవలెను. మాన్వి పల్లెలలో మిగిలిన గుట్టలను, తోపులను, కుంటలను అందులో వ్రాయించుటకు చదువుకొన్న వర్తకుల తోడ్పాటు కావలెను.

ఇక అంగడి సంగతి. కట్టెలు, బొగ్గులు, కలప కొనునపుడు అవి యెక్కడివో అడుగవలెను. జవాబు లేని సరకును వదలవలెను. తాను వదలిన సరకును పొరుగు అంగడివాడు కొనును గదా యని మనసు చెప్పవచ్చును. కొనవచ్చును; నష్టము తనకే రావచ్చును. కాని వ్రతము పొరుగువానిని చూచి పట్టునది కాదు. పర్యూషణ దానములో కొంత, ఎండకాలమున అడవికి కాపలా కాయువాని కూలికి కేటాయింపవచ్చును.

దీపావళినాడు, భగవానుని నిర్వాణదినమున, క్రొత్త ఖాతాపుస్తకము తెఱచు ప్రతి శ్రావకుడును వచ్చిన లాభముతోపాటు ధర్మము కొరకు విడిచిన లాభమును గూడ లెక్క చూచుకొనుగాక. జై జినేంద్ర.