వీధికీ ఒక హక్కుంది

రబీఉల్ అవ్వల్ నెలవంక కనబడగానే కల్వకుర్తి లాంటి మన పట్టణాల్లో పచ్చ జెండాలు, సీరియల్ బల్బులు, కమాన్లు వెలుస్తాయి. మీలాద్‌కు అలంకరణ చేయాలా వద్దా అన్న విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయం ఉంది. ఆ చర్చ ఇక్కడ చేయబోవడం లేదు. జెండా కట్టేవాని మనసులో ఏముందన్నదే ఇప్పుడు మా ప్రశ్న.

చాంద్రమాన సంవత్సరం సుమారు 11 రోజులు చిన్నది గనుక మన పండుగలు ఏటా ముందుకు జరుగుతాయి. అలా 2023 సెప్టెంబరు 28న మీలాద్, గణేశ్ నిమజ్జనం ఒకే రోజు వచ్చాయి. హైదరాబాదులో ముస్లిం పెద్దలు తమ జులూస్‌ను అక్టోబరు 1కి మార్చుకున్నారు. 2024లోనూ సెప్టెంబరు 19కి వాయిదా వేసుకున్నారు. "ప్రతిసారీ మనమే ఎందుకు తగ్గాలి మౌలానా?" అని మమ్మల్ని అడిగే యువకులున్నారు. వారి బాధను కొట్టిపారేయలేం. పుట్టిన ఊళ్లోనే పరాయివాళ్లం అయిపోతామేమో అన్న భయం అందులో ఉంది. పక్క వీధంతా దీపాలు వెలుగుతుంటే "మన గల్లీ ఎందుకు చీకటిగా ఉంది అమ్మీ?" అని పసిపిల్ల అడిగేదీ అదే.

అయితే పోటీకి మరో నాలుగు జెండాలు కడితే ఆ భయం పోతుందా?

దారుల్లో కూర్చోవద్దని దైవప్రవక్త (స) వారించినప్పుడు, మాట్లాడుకోవడానికి తమకు వేరే చోటు లేదని సహాబాలు విన్నవించుకున్నారు. తప్పనిసరైతే దారి హక్కు దారికి ఇవ్వమన్నారాయన. ఆ హక్కేమిటని అడగ్గా చూపులు దించుకోవడం, ఎవరినీ బాధించకపోవడం, సలాముకు జవాబివ్వడం, మంచిని ఆదేశించి చెడును వారించడం అని వివరించారు (బుఖారీ, ముస్లిం). బాధించకూడదన్న ఆ మాటలో బాటసారిది ఏ మతమన్న షరతు లేదు.

జడ్చర్ల నుంచి దేవరకొండ వైపు పోయే వాహనాలు మన ఊరి మీదుగానే పోతాయి. ఆ రోడ్డుకు అడ్డంగా కమాను కట్టడం వల్ల ఆస్పత్రికి పోయే ఆటో ఆగితే, అందులో ఉన్నది ఏ ఇంటి ఆడబిడ్డ అయినా, మనం దారి హక్కును కాజేసినట్లే. కరెంటు తీగకు కొండీ వేసి వెలిగించిన బల్బు దొంగ సొమ్ము. ప్రవక్త (స) పేరిట దాన్ని వెలిగించడం మరీ సిగ్గుచేటు. ఇక కలిమా రాసిన జెండాలు వారం తిరిగేసరికి చినిగి మోరీలో పడుతున్నాయి. ఆ అగౌరవం ఇంకెవరో చేసింది కాదు, కట్టి వదిలేసిన మనం చేసిందే.

ఈసారి జెండాలు కట్టకముందే పక్క గల్లీ మండపం పెద్దలతో ఒకసారి కూర్చోండి. తీగ ఎంత ఎత్తున పోవాలి, మైకు ఎన్నింటికి ఆపాలి, అజాన్ వేళ వారేం చేస్తారు, నిమజ్జనం వేళ మనమేం చేస్తాం అన్నవి మాట్లాడుకోండి. పిల్లల్నీ వెంట తీసుకెళ్లండి.