తీరిక వేళ కుట్టిన సంచి కాయకమగునా?

ఇంటి పనులు ముగిసిన పిదప సూదియు దారమును చేతబట్టి గుడ్డసంచులు కుట్టు గృహిణులు కలరు. ఉద్యోగవిరమణానంతరము అదే పనికి పూనుకొనిన పెద్దలును కలరు. దీనిని కొందరు కాలక్షేపమందురు. మరికొందరు కాయకమని కొనియాడుదురు. ఏ మాట యుక్తమో విచారింపవలసియున్నది.

పన్నెండవ శతాబ్దిలో కల్యాణమున బసవేశ్వరుని చుట్టు చేరిన శరణులకు కాయకము జీవనాధారము. నులియ చందయ్య త్రాళ్లు పేనెను. అంబిగర చౌడయ్య పడవ నడపెను. వచనకారులలో సూజికాయకద రామితందె యను శరణుని పేరుననే సూదిపని నిలిచియున్నది. వీరెవ్వరును వినోదమునకై ఆ పనులు చేసినవారు కారు. పని లేనినాడు ఇంట ధాన్యమును లేదు, దాసోహమును లేదు. భోజనమునకు కొదువలేని యింట సాయంకాలము గంటసేపు కుట్టిన కుట్టును వారి శ్రమతో సమానము చేసినచో వారి కష్టమును తేలికపరచినట్లగును.

అట్లని అది వట్టి కాలక్షేపమనుటయు న్యాయము కాదు. సంచి చిన్నదే యైనను బరువు మోయవలసిన వస్తువు. పట్టీ అతికిన చోటనే బరువంతయు పడును. అచ్చట చతురస్రముగా కుట్టి, దాని మూల నుండి మూలకు మరల కుట్లు వేయనిచో అయిదు కిలోల బియ్యమునకే పట్టీ ఊడును. లోపలి అంచు మడిచి కుట్టనిచో పోగులు లేచును. ఈ లోపములు కుట్టినవారికి తప్ప మొదట ఎవ్వరికిని కానరావు. ఎవ్వరును చూడని చోట సరిగా కుట్టుట అంతరంగశుద్ధికి మంచి అభ్యాసము.

అయినను ఈ వ్యాసంగము అనేకుల యందు కొలదికాలమే నిలుచును. మెప్పునకై కుట్టినవారి ఉత్సాహము మెప్పుతోనే తరుగును. కుట్టినవన్నియు బీరువాలో దాచినచో పని సంగ్రహమగును. బసవేశ్వరునికి పూర్వుడైన జేడర దాసిమయ్య తాను నేసిన వస్త్రమును ఒక వృద్ధ జంగమునకు సమర్పింపగా, ఆ జంగము దానిని ఎదుటనే చింపెననియు, దాసిమయ్య చింతింపలేదనియు చెప్పుదురు. సమర్పించిన వస్తువుపై ఇచ్చినవానికి హక్కు లేదు. పూలు కుట్టి యిచ్చిన సంచిలో పుచ్చుకొనినవారు ఉల్లిపాయలు నింపినను కుట్టినవారు నొచ్చుకొనరాదు.

ఇచ్చట ఒక సంశయము కలుగును. సంచులు ఉచితముగా పంచినచో ఆ వీధిలోని దర్జీ కూలి పోదా? ఒకరి తీరిక మరియొకరి ఆకలికి కారణము కారాదు. భర్త మారయ్య నిత్యము కంటె అధికముగా ఏరి తెచ్చిన బియ్యమును తిరిగి అచ్చటనే పోసి రమ్మనిన ఆయ్దక్కి లక్కమ్మ నీతి ఈ సందర్భమునకు సరిపడును. ఇంట మిగిలిన పాత పంచెలు, చీరలు, గుడ్డముక్కలు ఎంతవరకు వచ్చునో అంతవరకే కుట్టుట మేలు. జాతరకో మఠోత్సవమునకో వందల సంచులు కావలసినచో ఆ పనిని కూలి యిచ్చి దర్జీకే అప్పగింపవలెను.

సంచుల అవసరమునకు కొదువ లేదు. 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రానులకు తక్కువ మందము గల ప్లాస్టిక్ సంచులు మన దేశమున నిషిద్ధములు. అయినను అంగడికి వట్టి చేతులతో పోవు అలవాటు చట్టముతోనే మానదు. ఇరుగుపొరుగు వారికి ఒక్కొక్క సంచి కుట్టి యిచ్చుట, చిరిగిన దానిని మరల కుట్టి యిచ్చుట ఆ అలవాటును మాన్పుటకు తోడ్పడును.

కావున తీరిక వేళ కుట్టిన సంచిని కాయకమనుట కంటె దాసోహమనుట యుక్తము. బ్రతుకుతెరువునకు చేయు పని కాయకము. అది ముగిసిన పిదప మిగిలిన కాలమును, శరీరశ్రమను పరులకు సమర్పించుట తను దాసోహము. తనకై కుట్టువానికి నాలుగు సంచులతో పని తీరిపోవును. పరులకై కుట్టువానికి ఆ పని తీరదు. అందుచేతనే ఆ వ్యాసంగము వార్ధక్యమునందును నిలుచును.