ముందు చక్రం మర్యాద

సంసారమనే బండికి ఆలుమగలు రెండు చక్రాలని మన పెద్దవాళ్ళు అంటూంటారు. పెళ్ళిపందిట్లో అక్షింతలు వేసే తాతయ్య దగ్గర్నుంచి, అలిగి పుట్టింటికొచ్చిన మేనకోడలికి నచ్చచెప్పే మేనమామ దాకా, ఈ మాట ఒక్కసారైనా అననిదే కుర్చీలోంచి లేవరు. ఆ మాట పుట్టిన రోజుల్లో బండి అంటే ఎడ్లబండి. చక్రాలు రెండూ పక్కపక్కనే ఉంటాయి. రెండూ ఒకే ఎత్తు. పైగా లాగే బాధ రెండింటికీ లేదు, ఆ సంగతి ఎడ్లు చూసుకుంటాయి. అలాంటి బండితో సంసారాన్ని పోల్చడం ఎంత తేలిక!

ఇప్పుడు మన ఇళ్ళ ముందు నిలబడి ఉన్న బండి వేరు. దానికీ చక్రాలు రెండే గాని, ఒకటి ముందు, ఒకటి వెనక. నేను బి.ఏ.లో చరిత్రా సాహిత్యమూ చదువుకున్నదాన్ని. మిక్సీ ఆగిపోతేనే మా వారిని కేకేసేదాన్ని. అలాంటిదాన్ని, మా అమ్మాయి మొదటి జీతాలు కూడబెట్టుకుని ఎలక్ట్రిక్ స్కూటరు కొన్నాక, ఈ రెండు చక్రాల సంగతేమిటో చదివి తెలుసుకున్నాను. మామూలు మోటారు సైకిల్లో ఇంజను బలమంతా గొలుసు ద్వారా వెనక చక్రానికే పోతుందట. ముందు చక్రం దారి చూపిస్తుంది. అంటే నెట్టుకొచ్చే చాకిరీ వెనకదానిది, హ్యాండిలు ముందుదానిది! అలాగని ముందుదాన్ని మరీ తీసిపారెయ్యకూడదు. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకు తూలుతుంది కనక, బండిని ఆపే భారం ఎక్కువగా అదే మోస్తుంది. ఏ చక్రం ఎవరో నేను చెప్పను. ఎవరింటి లెక్క వాళ్ళది.

రెండు చక్రాలూ లాగే మోటారు సైకిళ్ళు కూడా ఉన్నాయి. అమెరికాలో రోకాన్ అనే బండి 1960లలోనే వచ్చింది. లావుపాటి టైర్లు, డొల్ల చక్రాలు. ఆ డొల్లలో నీళ్ళో పెట్రోలో నింపుకోవచ్చు. వేగం తక్కువే, కాని అడవుల్లో, బురదల్లో, రాళ్ళగుట్టల మీద తిరిగేవాళ్ళకు అదే దేవుడు. 2004లో యమహా కంపెనీ ఒక బండి తెచ్చింది. అందులో ముందు చక్రానికి గొలుసుతో కాకుండా నూనె ఒత్తిడితో బలం అందించారు. న్యూజీలాండులో ఉబ్కో అనే సంస్థ మొదట రైతుల కోసమని చేసిన ఎలక్ట్రిక్ బండిలో ఒక్కో చక్రం మధ్యలో ఒక్కో మోటారు పెట్టారు. ఎవరి సంపాదన వారిదన్నట్టు!

వీటన్నిటిలోనూ నా మనసుకు పట్టింది మాత్రం అమెరికాలోనే క్రిస్టినీ అనే సంస్థ చేసిన ఏర్పాటు. అందులో ముందు చక్రానికి బలం అందించే కడ్డీలూ పళ్ళచక్రాలూ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి, కాకపోతే వెనకదాని కంటే కాస్త నిదానంగా. అందువల్ల మంచి రోడ్డు మీద ముందు చక్రం తన మానాన తాను దొర్లుతూంటుంది. వెనకదాని పనిలో వేలు పెట్టదు. వెనక చక్రం ఏ ఇసుకలోనో పట్టు తప్పి గిర్రున తిరగడం మొదలెట్టిందనుకోండి, ఆ క్షణంలో ముందుది అందుకుని లాగుతుంది. వెనకది నిలదొక్కుకోగానే మళ్ళీ తప్పుకుంటుంది. "నేను లేకపోతే నీ గతేమయ్యేది?" అని అడగదు.

దీన్ని నేను ముందు చక్రం మర్యాద అంటాను. మన ఇళ్ళల్లో సాయం చేసేవాళ్ళకు కొదవలేదు, ఈ మర్యాద తెలిసినవాళ్ళే తక్కువ. జారకముందే రెక్క పుచ్చుకునేవాళ్ళు కొందరు. జారాక పట్టుకుని ఇక వదలనివాళ్ళు కొందరు. పట్టుకున్న సంగతి పదేళ్ళపాటు పదిమందికీ చెప్పేవాళ్ళు మరికొందరు.

ఈ మర్యాద మనం రోజూ చూసే బళ్ళలోనూ ఉంది. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో 125 సీసీ దాటిన కొత్త మోటారు సైకిళ్ళకు ఏబీఎస్ ఉండి తీరాలన్నారు. కంగారులో బ్రేకు గట్టిగా నొక్కేస్తే చక్రం బిగుసుకుపోయి బండి జారుతుంది కదా, అలా బిగుసుకోబోతున్న క్షణంలో అది బ్రేకును సడలించి, మళ్ళీ పట్టి, మళ్ళీ సడలిస్తుంది. అంతకుముందూ ఆ తర్వాతా అది ఉందన్న సంగతే మనకు తెలియదు. ఎలక్ట్రిక్ బండి బ్యాటరీకీ ఇలాంటి దాదే ఒకతె ఉంటుంది. లోపలి ఘటాల వేడినీ ఒత్తిడినీ కనిపెడుతూ, మితిమీరినప్పుడు బలం తగ్గించేస్తుంది.

వీటన్నిటికీ పెద్దక్క మన చీర గార్డు. వెనక కూర్చునేవాళ్ళ బట్టలు చక్రంలో చిక్కుకోకుండా కనీసం సగం చక్రాన్ని కప్పే ఏర్పాటు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే రాశారు. ఎన్ని కుచ్చిళ్ళనూ, ఎన్ని పైటచెంగులనూ, ఎన్ని ప్రాణాలనూ అది కాపాడిందో! అయినా మనం ఏ చీర కట్టుకున్నామో, ఏ వీధికి వెళ్ళామో అది ఇంతవరకూ ఎవరి చెవినీ వెయ్యలేదు.

ఇప్పటి బళ్ళకు నోరొచ్చింది. ఫోనులో ఉన్నట్టే వాటిలోనూ సిమ్ము ఉంటోంది. ఎక్కడున్నాయో, ఎంత వేగంతో పోతున్నాయో, ఎక్కడ ఆగాయో యజమాని ఫోనుకు చెబుతున్నాయి. 2020లో టీవీఎస్ వారి ఐక్యూబ్ వచ్చినప్పుడు, అందులోని సదుపాయాల్లో జియోఫెన్సింగ్ ఒకటని చెప్పారు. ఫోనులోని పటం మీద ఒక గిరి గీస్తే, బండి ఆ గిరి దాటగానే కబురొస్తుంది. మన భాషలో లక్ష్మణరేఖ అన్నమాట! దొంగ ఎత్తుకుపోతే బండి ఎక్కడుందో తెలుస్తుంది, కాదనను. కాని బండి తోలుతున్నది దొంగ కాకుండా మన పిల్లే అయినప్పుడు?

మా అమ్మాయి స్కూటరుకూ అలాంటి ఏర్పాటే ఉంది. మా వారు ఓ ఆదివారం కూర్చుని, రాజమండ్రిలో మా ఇల్లూ దాని ఆఫీసూ కలిసొచ్చేట్టు గిరి గీశారు. మూడు వారాలు సజావుగా గడిచాయి. నాలుగో వారం, సాయంత్రం కాఫీ తాగుతూండగా ఆయన ఫోను కుయ్యిమంది. గిరి దాటింది! అమ్మాయికి ఫోను చేస్తే తియ్యదు. బండి మీదున్న పిల్ల ఎలా తీస్తుంది? కాఫీ చల్లారిపోయింది. అరగంట గడిచాక నింపాదిగా వచ్చింది.

"ఎక్కడికెళ్ళావే?"

"ధవళేశ్వరం. ఆనకట్ట దగ్గర కాసేపు నిలబడి వచ్చాను."

"ఎందుకు?"

"ఊరికే."

ఆ మాట మా ఆయనకు మింగుడుపడలేదు. గుడికనో, స్నేహితురాలికి జ్వరమనో అంటే ఊరుకునేవారు. ఊరికే ఏమిటి? ఆయనే మళ్ళీ మెత్తబడి, "నాకు భయం నీమీద కాదమ్మా, లోకం మీద" అన్నారు. "లోకానికి గిరి గియ్యలేక నాకు గీశారా నాన్నా?" అంది అది. ఆ తర్వాత ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

మా అబ్బాయికి పెట్రోలు బైకుంది. దానికి సిమ్మూ లేదు, గిరీ లేదు. వాడు రాత్రి పదకొండింటికి వస్తే మేమడిగే మాట ఒక్కటే, "అన్నం తిన్నావా?" అని.

ఈ 'ఊరికే' అనే మాట గురించి ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. మగపిల్లలకు అది పుట్టుకతో వచ్చిన ఆస్తి. ఊరికే నిలబడతారు, ఊరికే తిరుగుతారు, ఊరికే చెరువుగట్టున కూర్చుంటారు. ఆడపిల్ల గడప దాటాలంటే మాత్రం ఒక కారణం చేతిలో ఉండాలి, సంచీ ఉన్నట్టు. పెళ్ళికాకముందు నేను రెండు వీధులు ఎక్కువ నడవాలనుకున్న రోజున, పోస్టాఫీసులో పని ఉందనే చెప్పేదాన్ని. మీలోనూ చాలామందికి అలాంటి పోస్టాఫీసు ఒకటి ఉండే ఉంటుంది.

అయితే మా వారి భయం అబద్ధమని నేననను. 2019 నవంబరులో హైదరాబాదు శివార్లలో జరిగిన ఆ ఘోరం తర్వాత, ఆడపిల్ల బండి మీద బయటికెళితే ఏ తల్లి గుండె నిమ్మళంగా ఉంది? భయం నిజమే. కాని భయం నిజమైనంత మాత్రాన దానికి తోచిన విరుగుడల్లా న్యాయమైపోదు. మనిషి ఏకాంతం ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా అన్నారు. అది ప్రధానంగా ప్రభుత్వం ముందు నిలబడిన పౌరుడి మాట. తండ్రి ముందు నిలబడిన కూతురికి ఆ హక్కు ఎంతవరకన్నది ఎవరింట్లో వాళ్ళు కూర్చుని తేల్చుకోవలసిందే.

తేల్చుకోవడానికి నాకు ఆ ముందు చక్రమే ఒక కొలబద్ద ఇచ్చింది. జారినప్పుడు వచ్చేది సాయం. దారి మారినప్పుడు వచ్చేది కాపలా. మనం ఈ రెంటినీ ఒకే పేరుతో, ప్రేమ అనే పేరుతో, పిలుస్తూంటాం. కాని దారి మారడం జారడం కాదే! ఏబీఎస్‌కు మనం ధవళేశ్వరం వెళుతున్నామా ధర్మవరం వెళుతున్నామా అన్నది అనవసరం. చక్రం జారుతోందా లేదా, అంతే. అలాంటి సాయం ఎన్నయినా ఉండనివ్వండి. బండి పడిపోతే మోటారు ఆగిపోవాలి, ఇంటికి కబురు రావాలి. తప్పేమిటి? తాను ఎక్కడుందో ఇంట్లోవాళ్ళకు తెలియాలని పిల్లకు అనిపించిన క్షణాన, ఒక్క మీట నొక్కితే తెలియాలి. ఆ మీట మాత్రం ఆమె చేతిలోనే ఉండాలి.

అలా చేస్తే తల్లిదండ్రుల భయం పోతుందా? పోదు. కాని ఆ భయం ఎవరిది? కన్నవాళ్ళది. కన్నవాళ్ళే మొయ్యాలి. మన గుండెబరువు తగ్గించుకోవడానికి దాన్ని తీసుకెళ్ళి పిల్ల స్కూటరు వెనక కట్టేస్తే, అది కాస్త దూరం పోగానే బండి లాగలేకపోతుంది. ప్రేమలో ఒక పాలు ఎప్పుడూ ఇలా నోరుమూసుకుని మోసేదే. మన అమ్మలు మోశారు. ఎవరూ వాళ్ళ ఫోనుకు కబురు పంపలేదు. అసలు ఫోనే లేదు. వీధి గుమ్మంలో నిలబడి, మనం మలుపు తిరిగి కనిపించగానే ఏమీ ఎరగనట్టు లోపలికెళ్ళి పొయ్యి దగ్గర కూర్చునేవారు.

ఇందులో ఇంకో సంగతుంది. ఇవాళ గిరి గీసేది మనం. రేపు మనకు మోకాళ్ళు వంగవు, చూపు ఆనదు. అప్పుడు పిల్లలు హాల్లో కెమెరా పెడతారు, చేతికి గడియారం కడతారు, పెరటి గుమ్మం దాటితే తమ ఫోనుకు కబురొచ్చేట్టు ఏర్పాటు చేస్తారు. అదంతా ప్రేమతోనే చేస్తారు, సందేహం లేదు. అలాంటి ఒక సాయంత్రం మనకూ వీధి చివరిదాకా నడిచి, అక్కడి వేపచెట్టు కింద కాసేపు నిలబడాలనిపిస్తుంది. ఎందుకమ్మా అని అడుగుతారు. మన దగ్గర కారణం ఉండదు. పోస్టాఫీసులో పనుందంటే నమ్మే కాలమూ కాదు.

ఆనాడు "ఊరికే" అంటే సరిపోయేట్టు ఉండాలంటే, ఆ మాటను ఇవాళే మన ఇళ్ళల్లో చెల్లుబాటు చేసుకోవాలి. ఏమంటారు?